చిన్న సముద్రపు అక్వేరియంలో పాచిని అదుపులో పెట్టడం

హైదరాబాద్‌లో పగడాల ట్యాంకు పెట్టుకున్నవారికి సముద్రపు నీరు బిందెతో ముంచుకొచ్చే వీలు లేదు. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో ట్యాంకులోని ప్రతి లీటరునూ మనమే శుద్ధి చేసి, ఉప్పు కలిపి, కొలిచి తయారుచేసుకోవాలి. అందువల్ల రాళ్ల మీద పాచి పట్టిందంటే దానికి కావలసిన ఆహారం కూడా మన చేతుల మీదుగానే లోపలికి వెళ్లిందని గ్రహించాలి. నీటితోనో, మేతతోనో, రాళ్లతోనో చేరిన నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు ఏ దారిన వచ్చాయో కనిపెట్టి ఆ దారిని మూసేస్తే పాచి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. దారిని తెరిచి ఉంచి పాచిని మాత్రమే గీకుతూ కూర్చుంటే నెల తిరక్కుండానే మళ్లీ మొలుస్తుంది.

ఇక్కడ చెప్పే కొలతలు నిజాంపేటలోని మా ఇంటి ట్యాంకును దృష్టిలో పెట్టుకుని రాసినవి. దాని పొడవు 60, వెడల్పు 35, ఎత్తు 40 సెంటీమీటర్లు. రాళ్లు, ఇసుక పోను అందులో పట్టే నీరు సుమారు 70 లీటర్లు. రెండు క్లౌన్ చేపలు, కొన్ని మష్రూమ్ పగడాలు, పగడాల్లాంటి జోవాంథిడ్‌లు, ఒక లెదర్ పగడం అందులో ఉన్నాయి. దిబ్బలు కట్టే గట్టి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి వాటినీ, మన తీరాల నుంచి తవ్వి తెచ్చే లైవ్ రాక్‌నూ (జీవులు పట్టి ఉన్న సముద్రపు రాళ్లను) నేను ఇంటికి తేలేదు, మీరూ తేవద్దని గట్టిగా చెబుతాను. కృత్రిమంగా తయారుచేసిన పొడి రాళ్ల మీద కూడా మేలు చేసే బ్యాక్టీరియా కొన్ని నెలల్లో చక్కగా నిలదొక్కుకుంటుంది.

ముందుగా అది ఏ పాచో తెలుసుకోవాలి

పాచి అనే ఒక్క మాట కింద మనం అయిదారు వేర్వేరు జీవులను కలిపేస్తుంటాం. వాటిలో ఒకదానికి పనిచేసిన పద్ధతి మరొకదానికి బలం ఇస్తుంది కాబట్టి గుర్తుపట్టకుండా ఏ చర్యా మొదలుపెట్టకూడదు.

కొత్త ట్యాంకులో మొదటి రెండు మూడు నెలల్లో ఇసుక మీదా అద్దాల మీదా గోధుమరంగు పొడిలా పరుచుకుని, వేలితో రాస్తే దుమ్ములా లేచిపోయేది డయాటమ్. దాని కణానికి సిలికాతో కట్టిన గాజులాంటి పెంకు ఉంటుంది. నీటిలో సిలికేటు ఉన్నంతకాలం అది పెరుగుతుంది, సిలికేటు అయిపోగానే తనంతట తానే పోతుంది. దానికి మందు వేయనక్కరలేదు. పచ్చని వెంట్రుకల్లా పెరిగి ప్రవాహంలో ఊగేది వెంట్రుక పాచి. చూడటానికి దానిలాగే ఉన్నా, దగ్గరగా చూస్తే కొమ్మకు ఇరువైపులా చిన్న ఈకలాంటి రెమ్మలు కనిపించేది బ్రయాప్సిస్. ఇది మిగతా పాచిలా తేలిగ్గా లొంగదు. ముదురాకుపచ్చ గాజుపూసల్లా మెరుస్తూ రాళ్ల సందుల్లో పెరిగేది బుడగ పాచి, దానిలో ఒక్కో పూస మొత్తం ఒకే ఒక్క కణం. రాళ్ల మీద గులాబీ, ఊదా రంగుల్లో సున్నపు పూతలా గట్టిగా పట్టేది కోరలైన్ ఆల్గే. అది ట్యాంకు కుదురుకుందని చెప్పే మంచి గుర్తు, దాన్ని గీకకూడదు.

ఎరుపు లేదా ఊదా రంగు జిగట పొరలా పరుచుకుని, పైపుతో పీలిస్తే దుప్పటి ముక్కలా ఒక్కసారిగా లేచి వచ్చేది సయనోబ్యాక్టీరియా. ఇది ఆల్గే జాతికి చెందదు. వెలుతురుతో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా ఇది. దీనిలో కొన్ని రకాలు నీటిలో కరిగిన నైట్రోజన్ వాయువునే వాడుకోగలవు కాబట్టి, నైట్రేటు సున్నాకు పడిపోయి ఫాస్ఫేటు మాత్రం మిగిలిపోయిన ట్యాంకులో దీనికి పోటీ ఇచ్చేవారు ఉండరు.

అన్నింటిలోకీ జాగ్రత్తగా చూడవలసింది డైనోఫ్లాజెల్లేట్. గోధుమరంగు చీమిడిలా రాళ్లకు వేలాడుతూ, ప్రతి తీగ చివరా గాలిబుడగ పట్టుకుని, మధ్యాహ్నానికి దట్టమై రాత్రి దీపాలు ఆర్పాక పలచబడుతుంది. డయాటమ్ అనుకుని దీని మీద నీళ్లు మార్చేస్తూ, ఫాస్ఫేటు తీసేస్తూ పోతే ఇంకా విజృంభిస్తుంది, ఎందుకంటే నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకు చేరి మిగతా ఆల్గే, బ్యాక్టీరియా ఆకలితో తగ్గిపోయిన చోటే ఇది రాజ్యమేలుతుంది. ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటి ఉంది. ఆ జిగటను కొంచెం ట్యాంకు నీటితో కలిపి ఒక చిన్న సీసాలోకి పీల్చి, మూతపెట్టి, ముద్దలన్నీ విడిపోయేదాకా గట్టిగా కుదపాలి. ఆ నీటిని కాఫీ ఫిల్టరు కాగితం గుండా గాజు గ్లాసులోకి వడకట్టి, కిందికి దిగిన నీటిని దీపం కింద ఒక గంట కదపకుండా ఉంచాలి. తేటగా కనిపించిన నీటిలో మళ్లీ గోధుమరంగు తీగలు చేరి ముద్దకడితే అది డైనోఫ్లాజెల్లేట్. నీరు తేటగానే ఉండిపోతే డయాటమో, సయనోబ్యాక్టీరియానో అయివుంటుంది. డైనోల్లో కొన్ని రకాలు విషాన్ని తయారుచేస్తాయి, వాటిని తిన్న నత్తలు చచ్చిపోతాయి. కనుక ఈ పనికి చేతితొడుగులు వేసుకోవాలి, పైపును నోటితో పీల్చడం ఎప్పుడూ చేయకూడదు.

నీళ్ల సంగతి

హైదరాబాద్ పరిస్థితుల్లో పాచికి మొదటి కారణం నీరేనని నా అనుభవం. అపార్టుమెంటు సంపులోకి ఒకరోజు కృష్ణా నీరో, మంజీరా నీరో వస్తుంది, మరోరోజు బోరు నీరు, ఏప్రిల్ దాటితే ట్యాంకరు నీరు కలుస్తుంది. కుళాయి అదే అయినా అందులో వచ్చే నీరు వారం వారం మారుతుంది. ఈ ఊరు నిలబడింది గ్రానైటు రాతి మీద. ఆ రాతిలో నానిన బోరు నీటిలో సిలికా సహజంగానే ఉంటుంది. దాన్ని క్లోరిన్ పోగొట్టే మందు వేసి వాడితే ట్యాంకులో గోధుమరంగు పొర ఎప్పటికీ వదలదు.

మొదటి ఏడాది నేను కాలనీలోని ఒక నీళ్ల ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెచ్చి వాడాను. శుద్ధి చేసిన నీరే కదా అన్న నమ్మకంతో కొలవనే లేదు. తొమ్మిది నెలలు పాచితో సతమతమయ్యాక నీటిలో కరిగి ఉన్న లవణాలను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపే టీడీఎస్ మీటరు కొని ఆ నీటిలో ముంచితే 70 చూపించింది. తాగడానికి ఆ నీరు నిక్షేపంలా ఉంటుంది. కానీ లెక్క చూడండి: మే నెలలో పైన ఫ్యాను పెట్టిన నా ట్యాంకు నుంచి రోజుకు లీటరున్నర నీరు ఆవిరైపోతుంది, అంటే నెలకు 45 లీటర్లు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులో కరిగి ఉన్నవన్నీ ట్యాంకులోనే ఉండిపోతాయి. లీటరుకు 70 మిల్లీగ్రాముల చొప్పున నెలకు మూడు గ్రాములకు పైగా ఏవేవో లవణాలను 70 లీటర్ల నీటిలో నా చేతులతోనే పోగుచేశానన్న మాట. వాటిలో నైట్రేటు ఎంతో, సిలికేటు ఎంతో మీటరు చెప్పదు.

ఇంట్లో తాగునీటికి వాడే ఆర్‌ఓ మెషీను ఉన్నవారు దాన్నే ఆధారం చేసుకోవచ్చు, అయితే ఒక మార్పు అవసరం. అటువంటి మెషీన్లలో చాలావాటికి రుచి కోసం కొంత పచ్చినీటిని తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలరు గానీ, ఖనిజాలు చేర్చే కార్ట్రిడ్జ్ గానీ ఉంటుంది. మెకానిక్‌ను పిలిపించి, మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) దాటిన వెంటనే, ఆ రెండింటికీ ముందే, ఒక టీ (T) ఆకారపు కనెక్టరు పెట్టించి ట్యాంకు కోసం విడిగా పైపు తీయించుకోవాలి. ఆ నీటిని డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) నింపిన గొట్టం గుండా పంపితే మీటరు సున్నా చూపించాలి. ఒకటి చూపించిన రోజునే రెజిన్ మార్చేయాలి, ఇంకొన్నాళ్లు చూద్దామని ఆగకూడదు. రెజిన్ అరిగిపోతున్నప్పుడు ముందుగా జారిపోయేది సిలికేటు, అది మీటరుకు దొరకదు. సంపులోకి బోరు నీరో, ట్యాంకరు నీరో వచ్చే నెలల్లో రెజిన్ తొందరగా అరుగుతుంది కాబట్టి అప్పుడు రెండో గొట్టం కూడా వరుసలో పెట్టుకోవడం మంచిది.

ఈ నీటిని రెండు పనులకూ వాడాలి. ఆవిరైన మేరకు రోజూ ఉప్పులేని నీరుగా నింపాలి, వారానికి ఒకసారి మార్చే నీటికి ఉప్పు కలపాలి. ఉప్పు కలిపిన నీటిని రాత్రంతా ఒక చిన్న పంపుతో తిప్పుతూ ఉంచి, మర్నాడు లవణీయత 35 (వెయ్యి పాళ్ల నీటిలో 35 పాళ్ల ఉప్పు), లేదా సాపేక్ష సాంద్రత 1.025 నుంచి 1.026 మధ్య ఉందని చూసుకున్నాకే వాడాలి.

కొలతలు, మేత

నైట్రేటు 2 నుంచి 10 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే మెత్తని పగడాలున్న ట్యాంకుకు సరిపోతుంది. సున్నా మంచిదన్న అపోహ వద్దు. డైనోల గురించి పైన చెప్పింది అందుకే. పరీక్షలో ఇంకో మోసం ఉంది. రాళ్ల నిండా వెంట్రుక పాచి ఉన్న ట్యాంకులో ఫాస్ఫేటు కొలిస్తే దాదాపు ఏమీ లేనట్టు రావచ్చు, ఎందుకంటే నీటిలోకి వచ్చినది వచ్చినట్టే పాచి తాగేస్తోంది. అటువంటప్పుడు కిట్‌ను నమ్మకుండా కంటికి కనిపించే పాచినే కొలతగా తీసుకోవాలి.

నీళ్లు మార్చడం వల్ల ఎంత తగ్గుతుందో కూడా ముందే లెక్కకట్టుకోవాలి. నైట్రేటు 40 ఉన్నప్పుడు అయిదో వంతు నీరు మారిస్తే 32 అవుతుంది, ఆ మధ్యలో ఏమీ పెరగకపోతే వచ్చే వారం మళ్లీ మారిస్తే 26 దగ్గరికి వస్తుంది. ఫాస్ఫేటు ఇంత తిన్నగా కూడా దిగదు. సున్నపు రాళ్లు, ఇసుక దాన్ని పీల్చి పట్టుకుంటాయి, నీటిలో తగ్గగానే మెల్లగా వదులుతాయి. కాబట్టి మార్చిన మర్నాడు తగ్గిన అంకె వారం తిరిగేసరికి మళ్లీ పైకి వస్తే అది మీ పొరపాటు కాదు, రాళ్ల పాత బాకీ తీరుతోందని అనుకోవాలి. నాలుగైదు నెలలు పట్టినా తొందరపడకూడదు.

కొత్త ఫాస్ఫేటు ఎక్కువగా వచ్చేది మేతతోనే. గడ్డకట్టిన రొయ్యల మేత ముక్కను నేరుగా ట్యాంకులో వేయకుండా, చిన్న టీ వడకట్టులో ఉంచి ఆర్‌ఓ నీటితో కడిగి, కరిగిన గోధుమరంగు రసాన్ని సింకులో పారబోసి, మిగిలిన రొయ్యపీచును మాత్రమే వేయాలి. రెండు క్లౌన్ చేపలకు చిటికెడు మేత చాలు; ఒక నిమిషంలో తినగలిగినంత వేసి, కింద పడినదాన్ని అప్పుడే పైపుతో తీసేయాలి. ఈ చేపలు హేచరీల్లో పుట్టినవి దొరుకుతున్నాయి, సముద్రం నుంచి పట్టినవాటి కంటే అవి పొడి మేతకు త్వరగా అలవాటుపడతాయి.

వెలుతురు విషయంలో చెప్పవలసింది తక్కువే. రోజుకు ఎనిమిది గంటలు చాలు, కిటికీ ఎండ నేరుగా పడకూడదు. పాచి ఉధృతంగా ఉన్నప్పుడు తెల్ల దీపాలను తగ్గించి నీలాన్ని అలాగే ఉంచాలి.

చేత్తో తీసే పద్ధతి

ఆహారం దారి మూసినా, ఇప్పటికే పెరిగిన వెంట్రుక పాచి దానంతట అది పోదు. అది తన ఒంట్లో దాచుకున్న ఫాస్ఫేటుతో సహా ట్యాంకు బయటికి వెళ్లాలి. అందుకే నేను ఈ పనిని నీళ్లు మార్చే రోజుకే పెట్టుకుంటాను. ట్యాంకులో నుంచి 14 లీటర్ల నీటిని ఒక బకెట్‌లోకి తీస్తాను. పాచి పట్టిన రాయి తీయడానికి వీలైతే ఆ బకెట్‌లోనే ముంచి, కొత్త టూత్‌బ్రష్‌తో పాచి మొదళ్లను ఒక వైపు నుంచి మరో వైపుకు రుద్దుతాను. పైన పట్టుకుని పీకితే తీగ తెగి మొదలు రాతిలోనే ఉండిపోతుంది. కొద్దిసేపట్లో బకెట్ నీరు పచ్చగా, చిక్కగా మారుతుంది. ఆ రాయిని తేటగా ఉన్న రెండో బకెట్ ఉప్పునీటిలో జాడించి తిరిగి పెడతాను. తీయలేని రాళ్ల దగ్గర సన్నపైపు చివరకు టూత్‌బ్రష్‌ను రబ్బరుబ్యాండ్‌తో కట్టి, నీరు బయటికి పారుతుండగానే రుద్దితే ఊడిన ముక్కలు ట్యాంకులో చెదరకుండా పైపులోకే వెళతాయి. పని అయ్యాక వేవ్‌మేకరు (ట్యాంకులో నీటిని తిప్పే పంపు) వైపు చూడండి. తప్పించుకున్న తీగలు దాని జాలీకి చుట్టుకుని ఉంటాయి.

మొండిగా మిగిలిన మచ్చల మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. మన మందుల షాపుల్లో సాధారణంగా దొరికేది 6 శాతం ద్రావణం, దాన్ని సమానంగా ఆర్‌ఓ నీటితో కలిపి 3 శాతానికి తెచ్చుకోవాలి. రాయిని బయటికి తీసి, పాచి ఉన్న చోట మాత్రమే డ్రాపరుతో వేసి, నురగ వస్తుండగా రెండు నిమిషాలు ఆగి, ఉప్పునీటిలో బాగా కడిగి పెట్టాలి. పగడాలకు తగలనివ్వకూడదు, ట్యాంకులో రొయ్యలు ఉంటే అవి దీనికి చాలా త్వరగా దెబ్బతింటాయి. జోవాంథిడ్‌లు అంటుకున్న రాళ్లను ముట్టుకునేటప్పుడు చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది, అటువంటి రాళ్లను వేడినీటిలో వేయడం, మరిగించడం ప్రాణం మీదికి తెస్తుంది.

బుడగ పాచిని చిదమకుండా మొదలు దగ్గర మెలితిప్పి తీయాలి, పక్కనే పైపు పారుతూ ఉండాలి. సయనో పొరను పైపుతో పీల్చి, అది పెరిగిన చోటికి ప్రవాహం తగిలేలా వేవ్‌మేకరు దిశ మార్చాలి. వ్యర్థాలు చేరే మూల అలాగే ఉన్నంతకాలం అది అక్కడికే తిరిగి వస్తుంది. డైనోలకు మాత్రం దారి వేరు: నీళ్లు మార్చడం ఆపి, ఫాస్ఫేటును పీల్చే గుళికలు (మీడియా) వాడుతుంటే తొలగించి, మేత కొంచెం పెంచి నైట్రేటు, ఫాస్ఫేటు కొలతకు అందేలా చేయాలి. తరువాత మూడు రోజులు దీపాలు ఆర్పి, ట్యాంకుకు గుడ్డ చుట్టి, గాలి పంపు నడుపుతూ ఉంచాలి.

నత్తలు, చీటో, మీడియా

70 లీటర్ల ట్యాంకుకు అయిదారు సెరిత్ నత్తలు, ఒకటి రెండు పెద్ద నత్తలు సరిపోతాయి. అవి పొట్టి పాచిని మేస్తాయి కానీ అంగుళం పొడవు పెరిగిన వెంట్రుకలను ముట్టవు, కాబట్టి చేత్తో తీశాకే వాటిని తేవాలి. టర్బో, ట్రోకస్ జాతుల్లో కొన్నింటికి మన చట్టం రక్షణ ఇస్తుంది గనుక ఏ నత్తో, ఎక్కడిదో అడిగి తెలుసుకునే కొనాలి. పాచి తింటుందని చెప్పి టాంగ్ చేపను అంటగట్టే దుకాణదారులు ఉంటారు. ఆ చేపకు ఈదడానికి ఎన్నో రెట్లు పెద్ద ట్యాంకు కావాలి, మన రెండడుగుల గాజుపెట్టెలో అది నలిగిపోతుంది. ఆ బేరానికి ఒప్పుకోవద్దని వేడుకుంటున్నాను.

చీటో అనే పచ్చని ఆల్గేను ట్యాంకు వెనక తగిలించే చిన్న పెట్టెలో పెంచితే, పాచి తినేదాన్ని అదే తింటుంది. దాని దీపం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు వెలగాలి. అప్పుడు రాత్రి వేళ పీహెచ్ పడిపోవడం కూడా తగ్గుతుంది. అది ముద్దలా పెరిగాక నెలకోసారి సగం తీసి పారేయాలి, అది పీల్చిన నైట్రేటు, ఫాస్ఫేటు ట్యాంకును వదిలేది ఆ రోజే.

ఇనుప ఆక్సైడుతో తయారైన ఫాస్ఫేటు మీడియాను డబ్బా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టి, వారానికి రెండుసార్లు కొలవాలి. ఒక్కసారిగా ఫాస్ఫేటు లాగేస్తే పగడాలు ముడుచుకుంటాయి. రాగి కలిసిన పాచి మందులు మంచినీటి చేపల దుకాణాల్లో దొరుకుతాయి. వాటిలో ఒక్క చుక్క కూడా ఈ ట్యాంకు దరికి రానీయకూడదు, నత్తలకూ రొయ్యలకూ రాగి విషం. బ్రయాప్సిస్‌కు ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు లీటరుకు 5 మిల్లీగ్రాముల లెక్కన వాడతారు. చేత్తో తీయడం, పెరాక్సైడ్ రెండూ విఫలమయ్యాకే ఆ ఆలోచన చేయాలి. వేసిన తరువాత చనిపోయే పాచి నీటిలోకి వదిలే పోషకాలను పైపుతో, నీళ్ల మార్పిడితో తీసుకుంటూ ఉండాలి.

ఎండాకాలం, ఊరి ప్రయాణాలు

మే నెలలో మా హాలు 34 డిగ్రీలకు చేరుతుంది, ట్యాంకు మాత్రం 26 దగ్గర ఉండాలి. గాలి పొడిగా ఉన్న ఈ కాలంలో నీటి మీదికి తిప్పిన చిన్న ఫ్యాను రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది, జూలైలో గాలిలో తేమ పెరిగాక అంత పని చేయదు. మిగతా వేడికి గదిలో ఏసీ గానీ, నీటిని చల్లబరిచే చిల్లరు యంత్రం గానీ కావాలి. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి కరెంటు పోయే వేళలకు బ్యాటరీతో నడిచే గాలి పంపును సిద్ధంగా పెట్టుకోవాలి.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు పక్కింటివారికి మేత డబ్బా ఇచ్చి వెళ్లడం నేను మానేశాను. వారు ప్రేమ కొద్దీ ఎక్కువ వేస్తారు, తిరిగి వచ్చేసరికి అద్దాలు పచ్చబడి ఉంటాయి. ఇప్పుడు రోజుకొక గది ఉన్న మాత్రల పెట్టెలో రోజువిడిచి రోజుకు సరిపడే చిటికెడు మేత మాత్రమే నింపి ఇస్తాను, ఏ గీత దాకా ఆర్‌ఓ నీరు పోయాలో ట్యాంకు పక్క అద్దానికి టేపు అంటించి చూపిస్తాను. తిరిగి వచ్చిన రోజున పచ్చదనం చూసి కంగారుపడి సగం నీరు మార్చేయకూడదు. ముందు లవణీయత చూసి, పెరిగి ఉంటే ఆర్‌ఓ నీటిని కొన్ని గంటల వ్యవధిలో కొంచెం కొంచెంగా చేర్చి 35కు తేవాలి. నైట్రేటు, ఫాస్ఫేటు కొలిచి పుస్తకంలో రాసుకుని, టూత్‌బ్రష్‌ను మరుసటి రోజు ఉదయం చేతిలోకి తీసుకోవాలి.